పెదవులు మూసుకునే మాట

నీళ్ళ కింద ఆయన గొంతు వేరే.

గోడకి అటువైపు ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టు ఉంటుంది. బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు ఉంటుంది. మాట మొదలు వినిపిస్తుంది... చివర వినిపించదు.

కళ్ళు తెరిస్తే తెల్లని మంట. బ్లీచింగు వాసన ముక్కులో ఆగదు, నుదుటి లోపలిదాకా పోతుంది. పైన వెలుగు ముక్కలు ముక్కలై ఊగుతుంది. ఆ ముక్కల మధ్య ఆయన ముఖం — ఒకసారి ఆయనలా, ఒకసారి ఇంకెవరిలానో.

అప్పుడు మెడ కింద చెయ్యి కదులుతుంది.

అప్పుడు గాలి.

“ఎలా ఉంది?” అంటాడు.

“ఎలా ఉంటుంది? తడిగా ఉంది,” అంటుంది ఆమె, దగ్గుతూ.

ఆయన నవ్వుతాడు. ఆమె ముఖానికి అంటుకున్న జుట్టు వేలితో పక్కకి తీసి, “ఇంకోసారి,” అంటాడు.

శనివారం మధ్యాహ్నాలన్నీ ఇలాగే గడుస్తున్నాయి.

మందిరంలో వేదిక మీది చెక్కలు ఎత్తితే కింద తొట్టి. సిమెంటు తొట్టి. దిగడానికి మెట్లు, నడుము పైదాకా నీళ్ళు. ఆదివారాలు చెక్కలు మూసి ఉంటాయి. పెద్దయ్యగారు వాటి మీదే నిలబడి ప్రసంగిస్తారు. ఆవేశంలో కాలు గట్టిగా వేస్తే, కింద ఖాళీ పలుకుతుంది. ముందు వరసలో చిన్నపిల్లలు ఉలిక్కిపడతారు.

ఆమె కూడా ఉలిక్కిపడేది, ఒకప్పుడు.

ఇప్పుడు ఆ ఖాళీ ఆమెకి తెలుసు. దాని లోతు తెలుసు. దాని చల్లదనం తెలుసు.

ఆయన నేర్చుకుంటున్నాడు. ముంచి లేపడం నేర్చుకుంటున్నాడు.

చూసేవాళ్ళకి అదేం పని అనిపిస్తుంది. పని చాలా ఉంది. ఒక చెయ్యి మెడ కింద. ఇంకో చెయ్యి, గుండెల మీద ముడుచుకున్న చేతుల మీద. మోకాళ్ళు కాస్త వంచమనాలి. వెనక్కి వాల్చాలి — పడెయ్యకూడదు, వాల్చాలి. ఒక్క వెంట్రుక కూడా పైన మిగలకూడదు. లేపేటప్పుడు మెడ పట్టి లాగకూడదు, వీపు కింద బలం పెట్టాలి. బాప్తిస్మం ఇచ్చే మనిషికి ఇవన్నీ తలకి తెలిస్తే చాలదు, చేతులకి తెలియాలి.

సంఘం పెట్టబోయే మనిషికి మరీనూ.

సముద్రం అవతల ఒక దేశం. అక్కడ ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో సంఘం లేదు. ఉండేది... ఇప్పుడు లేదు. ఈ భార్యాభర్తలు వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాలి. వానలు వెనకబట్టగానే ప్రయాణం.

ఈ పిలుపు రాకముందు ఆయన లిఫ్టు మెకానిక్కు. “అప్పుడూ మనుషుల్ని దించి లేపడమే, ఇప్పుడూ దించి లేపడమే,” అని తన మీద తనే జోకు వేసుకుంటాడు. సంఘంలో అందరూ లిఫ్టయ్యగారు అంటారు, ముఖం మీదే. ఆయన పలుకుతాడు.

ఆయన సాక్ష్యం అందరికీ తెలిసిందే. లిఫ్టు గొయ్యిలో దిగి పనిచేస్తున్నాడు. పైన ఎవరో తెలియక మీట నొక్కారు. లిఫ్టు దిగడం మొదలుపెట్టింది. పక్కకి తప్పుకునే చోటు లేదు. వెల్లకిలా పడుకున్నాడు. ఒక్క పేరు పిలిచాడు.

లిఫ్టు ఆయన ముక్కు మీదికొచ్చి ఆగింది.

నూనె చుక్క ఒకటి జారి నుదుటి మీద పడింది.

“తాడు పట్టుకున్నవాడు పైన ఉన్నాడు,” అంటాడు ప్రతిసారీ, కథ చివర. సంఘమంతా స్తోత్రం అంటుంది. ఆమె కూడా అంటుంది. అంటూనే చీర కొంగు పిడికిట్లో బిగిస్తుంది.

కింద పడుకుని చూసి వచ్చినవాడికి ఇంక భయమెందుకుంటుంది?

భయం లేని మనిషి పక్కన ఉంటే ఎంత ధైర్యమో...

అంత భయం.

ఒక్కో శనివారం ఇంకాస్త సేపు ఉంచుతున్నాడు నీళ్ళ కింద.

“ఏరు తొట్టిలా ఊరుకోదు కదోయ్. ఊపిరి అలవాటు కావాలి నీకు.”

నిజమే. అక్కడ ముందుగా ఏట్లో దిగాల్సింది ఆమే. ఆ ఊరివాళ్ళకి నీళ్ళంటే భయమట. అమ్మగారు ముందు దిగి, మునిగి, నవ్వుతూ పైకి లేస్తే, మిగతావాళ్ళు ధైర్యం చేస్తారట. పెద్దయ్యగారి మాట అది.

ఏటి ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళకి నీళ్ళంటే భయమేమిటి?

ఆ మాట ఆమె అడగలేదు. అప్పటికి తట్టలేదు.

*

ఆమె బట్టలు కుడుతుంది.

ఆయన అక్క, అంటే ఆమెకి వదిన, ఆవిడా కుడుతుంది. సందు మొదట్లో ఒకే గది, ఎదురెదురుగా రెండు మిషన్లు. పొద్దుటి నుంచీ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కుట్టడమే. నోట్లో గుండుసూదులు ఉన్నంతసేపే నిశ్శబ్దం.

ఇప్పుడు తెల్ల అంగీలు కుడుతున్నారు. అక్కడ నీళ్ళలో దిగబోయేవాళ్ళ కోసం. ఎవరు దిగుతారో తెలియదు. లావో సన్నమో తెలియదు. అందుకే అన్నీ వదులుగా.

వదులు అంగీ నీళ్ళలో దిగితే తేలుతుంది. గాలి నిండి, గొడుగులా విచ్చుకుని, మోకాళ్ళ పైకి, నడుము పైకి వచ్చేస్తుంది. నలుగురి ముందు పరువు పోతుంది. అందుకని అంచు మడతలో సీసపు గుండ్లు పెట్టి కుడతారు. చేపల వలకి కట్టే గుండ్లు. జానెడుకి ఒకటి.

గుండ్లు కొనడానికి వెళితే వలలమ్మే ఆయన అడిగాడు, “ఏ చేపలకమ్మా?”

“రెండు కాళ్ళ చేపలకి,” అంది వదిన.

ఇంటికొచ్చేదాకా నవ్వుకున్నారు.

కొలతకి పాత అంగీ ఒకటి మందిరం అలమారులో దొరికింది. ముందు వెళ్ళిన జంటలో ఆవిడది. ఆ జంట ఫోటో మందిరం గోడకి ఉంది. ఆయన నిలబడి, ఆవిడ కూర్చుని. ఆవిడ కూడా బట్టలు కుట్టేదట. ఆ ఫోటో కింద కూర్చునేవాళ్ళు ఎప్పుడూ ఒకే మాట అంటారు — పాపం, వాళ్ళకి అక్కడి నీళ్ళు పడలేదు.

నీళ్ళు పడలేదు. అంతే. ఇంకెవరూ ఇంకేమీ అనరు. పడని నీళ్ళు తాగి జబ్బు చేసిందని ఆమె అనుకుంది. అందరూ అదే అనుకోనిచ్చారు.

పాత అంగీ ఒంటి మీద పెట్టుకుని చూసుకుంది. భుజాలు సరిపోయాయి. చేతులు సరిపోయాయి. పొడవు సరిగ్గా చీలమండ దగ్గర ఆగింది.

“నీ కొలతే మరదలా. నీకోసమే కుట్టి పెట్టినట్టుంది,” అంది వదిన.

ఆమె అంచు తిరగేసి చూసింది. బట్టలు కుట్టేవాళ్ళకి అదో అలవాటు, ఎవరి బట్ట దొరికినా ముందు లోపలి వైపు చూస్తారు. మడతలో గుండ్లు లేవు. గుండ్లు ఉన్న చోట గుండ్రటి బూడిదరంగు మచ్చలు ఉన్నాయి. సూది రంధ్రాలు రెండు వరసలు. ఒక వరసలో దారం ఉంది. ఒక వరస ఖాళీ.

కుట్టి... విప్పి... మళ్ళీ కుట్టిన అంచు.

“గుండ్లెందుకు తీసేసినట్టు వదినా?”

వదిన మిషను ఆపలేదు. “బరువు మొయ్యలేక అయ్యుంటుంది. నీలాగే నాజూకు మనిషేమో.”

ఆ సాయంత్రం ఆయన నవ్వు ముఖంతో వచ్చాడు. అక్కడ ఉండబోయే ఇంటి ఫోటో తెచ్చాడు. ఒక గది. ఒక మంచం. ఒక కిటికీ, కిటికీలో నిండా ఏరు.

“చూశావా? నీకోసం మిషను కూడా ఉంది అక్కడ!”

ఉంది. కిటికీ పక్కన. నల్లటి మిషను.

మిషను పాదం కింద తెల్లగుడ్డ ఉంది. సగం కుట్టి ఉంది. సూది దిగే ఉంది గుడ్డలోకి.

కుట్టే మనిషి ఇప్పుడే లేచి, లోపలికి వెళ్ళినట్టు.

*

వాళ్ళకి ఆ దేశపు భాష నేర్పేది రేడియో ఆవిడ.

ఆవిడది ఆ దేశమే. అక్కడ రేడియోలో వార్తలు చదివేది. ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడికి వస్తుందో చెబుతుంది. ఆలస్యమైన బస్సు గురించి ఆవిడ చెబుతుంటే ఎక్కడో రాజ్యం కూలిపోయినట్టు వినిపిస్తుంది. డ్యూటీ దిగి, చేతిసంచి ఊపుకుంటూ, వాళ్ళింటికి వస్తుంది. టీ తాగుతుంది. తిడుతుంది. నేర్పుతుంది.

“మీ నోటికి తలుపుల్లేవమ్మాయీ,” అంటుంది. “ఏ మాటా మూసుకోదు. షాపు. పైపు. మ్యాపు. అన్నిటికీ చివర ‘ఉ’ అని ఒక తోక.”

“తోక లేకపోతే మాకు మాట అయిపోయినట్టే ఉండదండీ,” అంది ఆమె.

“మా భాషలో తోక పెడితే మనిషి అయిపోతాడు.”

జోకు అనుకుని వాళ్ళిద్దరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

“మీకు ఒకటే మాట కదా, మునగడం. బట్ట నీళ్ళలో మునిగినా మునగడమే. పడవ మునిగినా మునగడమే. కొంప మునిగినా మునగడమే. మాకు రెండు. నీళ్ళలోకి వెళ్ళి, మళ్ళీ పైకొచ్చే మునకకి ఒకటి. వెళ్ళి... రాని మునకకి ఒకటి.”

రెండు మాటలూ పలికి చూపించింది. మొదలు ఒకటే. నడుమా ఒకటే. చివర్లోనే తేడా. పైకి వచ్చే మాటకి చివర పెదవులు మూసుకుంటాయి — ఠక్కున, తలుపు వేసినట్టు. రాని మాటకి నోరు తెరుచుకుని ఉండిపోతుంది. గుండ్రంగా. సున్నాలాగా.

బస్సు టికెట్టు ఒకటి సంచిలోంచి తీసి పెదవుల ముందు పట్టుకుంది. మూసుకునే మాట అంది. కాగితం కదలలేదు.

“ఇలా. గాలి బయటికి పోకూడదు.”

ఆమె ప్రయత్నించింది. కాగితం రెపరెపలాడింది. మళ్ళీ. మళ్ళీ. నాలుగు రోజులకి కాగితం కదలకుండా అనగలిగింది. కూరగాయలు తరుగుతూ అంది. అంచులు మడుస్తూ అంది. నీళ్ళు పట్టుకుంటూ అంది. మూతపడిన ప్రతిసారీ ఒక చిన్న గది తలుపు వేసి లోపల తను భద్రంగా ఉన్నట్టు...

ఆయనకి రాలేదు.

ఆయనది ప్రసంగాల గొంతు. మాట చివర సాగదీసి, చెయ్యి పైకెత్తి, పైకప్పుకి తగిలేలా వదలడం అలవాటు. తోక లేకుండా ఎలా వదులుతాడు? ‘రండి, నేను మిమ్మల్ని నీళ్ళలో ముంచుతాను’ అన్న వాక్యం లేచి నిలబడి అన్నాడు, ఆ భాషలో, కళ్ళు మూసుకుని. టికెట్టు ఎగిరి అవతల పడింది.

రాని మునక. ప్రతిసారీ అదే.

“దేవుడికి ఒక తోక అడ్డమా టీచర్‌గారూ?” అని నవ్వాడు.

“దేవుడికి కాదు,” అంది రేడియో ఆవిడ, సంచి సర్దుకుంటూ. “ఒడ్డున నిలబడి వినేవాళ్ళకి.”

*

ఆ రోజు ఆయన ఇంట్లో లేడు. పెట్టెలకి తాళాలు కొనడానికి వెళ్ళాడు. బయట వాన. రేడియో ఆవిడ గొడుగు గుమ్మంలో ఆరేసి, టీ గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చుంది.

ఆమె మామూలుగానే అడిగింది. “మా ముందు వెళ్ళినవాళ్ళని మీరు ఎరుగుదురా? వాళ్ళకి అక్కడి నీళ్ళు పడలేదంటారు.”

ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

“ఎవరంటారు?”

“అందరూ.”

“అవును,” అంది. “పడలేదు.”

గొడుగు నుంచి నీళ్ళు కారి గుమ్మం దాటి లోపలికి వస్తున్నాయి. ఇద్దరూ ఆ నీళ్ళనే చూశారు.

“ఆ వార్త చదివింది నేనేనమ్మాయీ.”

చెప్పింది. బస్సుల గురించి చెప్పినట్టే చెప్పింది, ఏ మాటా మింగకుండా. ఏటి ఒడ్డున ఊరంతా చేరింది. ఆ అయ్యగారు ముందు తన భార్యని దింపాడు, చూపించడానికి. రండి, ముంచుతాను అని ఊరివాళ్ళ భాషలో గట్టిగా అన్నాడు. వెనక్కి వాల్చాడు. లేపబోయాడు. చేతిలో ఆవిడ లేదు. ఆయన ఒడ్డుకి వచ్చాడు. ఒడ్డున నిలబడ్డాడు.

మళ్ళీ దిగాడు.

“ఎందుకు దిగాడు? వెతకడానికా?”

“అది రాయలేదు. రాసిందే చదవాలి మేము.”

“అంగీ బరువుకా అండీ? ప్రవాహమా?”

“అదీ రాయలేదు.”

వాన ఇంకా పడుతోంది. రేడియో ఆవిడ గొంతు తగ్గించింది. తగ్గినా ప్రతి అక్షరం వినిపిస్తూనే ఉంది.

“ఆయనకీ మాట చివర మూతపడేది కాదట. మీ ఆయనకిలాగే. రాని మాటే అన్నాడట, ఊరందరి ముందు. ఊరివాళ్ళు ఏమనుకున్నారో తెలుసా? చెప్పిందే చేశాడు అనుకున్నారు.”

ఆమెకి అప్పుడు తట్టింది, ఏటి ఒడ్డు మనుషులకి నీళ్ళంటే భయం ఎందుకో.

“మరి మీరు మా ఆయనతో ఇది ఎందుకు చెప్పలేదు?”

రేడియో ఆవిడ ఆమె వైపు వింతగా చూసింది.

“మొదటి రోజే చెప్పాను. ఆయనకి అప్పటికే తెలుసు.”

*

తెలుసు.

ఆయన తాళాలు తెచ్చి, ఒక్కొక్క తాళం వేసి తీసి చూస్తున్నాడు. ఆమె ఎదురుగా నిలబడింది.

“మీకు తెలుసా?”

ఏది అని అడగలేదు ఆయన. తాళం చేతిలోనే ఉండిపోయింది.

“తెలుసు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే వస్తావా?”

గదిలో ఫ్యాను తిరుగుతోంది. తాడు మీద ఆరేసిన బట్టలన్నీ ఊగుతున్నాయి. చివర ఆమె తెల్ల అంగీ వేలాడుతోంది.

అది ఊగడం లేదు.

“కూర్చో,” అన్నాడు. “విను. ఆవిడ అంగీలో బరువు చాలలేదు. పెద్దయ్యగారూ అదే అంటారు. లోపల గాలి నిండిపోయింది. ఏరు దాన్ని తెరచాపలా లాగేసింది. ఆయనేం చేస్తాడు? పట్టు దొరకలేదు. అందుకే నీ అంగీకి గుండ్లు రెట్టింపు వెయ్యమంటున్నాను. జానెడుకి రెండు వెయ్యి. నిలబడ్డ చోట నిలబడతావు. నిన్ను పోగొట్టుకుంటానా నేను?”

“ఆ బరువుకే మునిగిందేమో.”

“కాదు.”

“మీరు చూశారా?”

“నా చెయ్యి ఉంటుందిగా మెడ కింద!”

ఆ చేతిని చూసింది. వేళ్ళ సందుల్లో ఏళ్ళనాటి గ్రీజు నలుపు, ఎంత తోమినా పోనిది. జ్వరం వచ్చినప్పుడు నుదుటి మీద పడుకునే చెయ్యి. అన్నం ముద్దలో రాయి తగిలితే నోటి ముందు చాపే చెయ్యి. ఆ చెయ్యి అబద్ధం చెప్పదు.

ముందు వెళ్ళినాయనకి కూడా చెయ్యి ఉండేది.

“మానేద్దామా?” అన్నాడు. తాళం వైపు చూస్తూ అన్నాడు. “నువ్వు వద్దంటే మానేస్తాను. పెద్దయ్యగారికి నేనే చెబుతాను.”

ఆమె నోరు తెరిచింది.

పెద్దయ్యగారు ఎవరు వెళతారని అడిగిన రోజు గుర్తొచ్చింది. మందిరమంతా తలలు వంచుకుంది. మొదట చెయ్యెత్తింది ఆయన కాదు. ఆమె. చెయ్యి దానంతట అదే లేచింది. నీళ్ళ అడుగునుంచి ఏదో పైకి తేలినట్టు లేచింది. ఆ తర్వాతే ఆయన, ఆశ్చర్యంగా ఆమెని చూసి, తన చెయ్యి ఎత్తాడు.

తను పిలుపు అనుకున్నది ఎవరి పిలుపు? పైనుంచి వచ్చిందా...

కిందనుంచా?

తెరిచిన నోరు మూసుకుంది.

మర్నాడు అంచు విప్పి, జానెడుకి రెండు గుండ్లు వేసి, మళ్ళీ కుట్టింది.

*

శనివారం.

అంగీ తొడుక్కుని తొట్టిలో దిగింది. మెట్టు మెట్టుకీ అంచు ఠంగు ఠంగుమని తగులుతోంది. దిగాక ఆ చప్పుడు ఆగింది. అంగీ కాళ్ళని చుట్టుకుని, నేలని పట్టుకుని, నిలబడింది. వేళ్ళు వేసినట్టు నిలబడింది.

“చూశావా!” అన్నాడు ఆయన, పిల్లవాడిలా. “ఒక్క ముడత కూడా తేలడం లేదు!”

ముంచాడు.

నీళ్ళ కింద ఆయన గొంతు. మొదలు... ఆ తర్వాత లేదు.

చెయ్యి కదిలింది. పైకి ఎత్తుతోంది. ఎత్తుతూనే ఉంది. ఆమె లేవడం లేదు. కింద ఏదో అంగీ పట్టుకుని, ఇంకాసేపు ఉండు, అంటున్నట్టు. ఆమె మోకాళ్ళు అడుగుకి తగిలాయి. వెలుగు ముక్కలు దూరంగా జరిగాయి. నోరు తెరుచుకోబోతోంది. గుండ్రంగా... సున్నాలాగా...

రెండో చెయ్యి కూడా వచ్చింది. లేపాడు.

తొట్టి గోడకి ఆనుకుని ఆయన కూడా రొప్పుతున్నాడు.

“కాలు జారింది నాకు,” అన్నాడు.

జారలేదు. ఆయన కాళ్ళు ఆమెకి కనిపిస్తూనే ఉన్నాయి.

“ఇంకోసారి,” అనలేదు ఆ రోజు.

*

మరుసటి వారం, ఆదివారం వీడ్కోలు కూడిక. ఆ వెంటనే ప్రయాణం. అందరి ముందూ ఒకసారి చేసి చూపించమన్నారు పెద్దయ్యగారు — అక్కడ ఎలా చెయ్యబోతున్నారో, ఆ భాషలోనే, అలాగే.

అంతకు ముందు రోజు మధ్యాహ్నం ఆమె కుట్టుగదిలో ఒంటరిగా కూర్చుంది. తలుపు దగ్గరగా వేసింది. అంగీ ఒళ్ళో పరుచుకుంది.

బ్లేడు తీసింది.

కుట్టు తర్వాత కుట్టు. దారం తెగే చప్పుడు ఎంత చిన్నది! గుండ్లు ఒక్కొక్కటే ఒళ్ళోకి జారాయి. వాటిని మిషను సొరుగులోకి వేసింది. మడత ఖాళీ అయింది. ఖాళీ మడతని మళ్ళీ కుట్టింది, పైకి ఏమీ తెలియకుండా.

ఏది నిజమో ఆమెకి తెలియదు. బరువు ముంచుతుందో, బరువు లేకపోవడం ముంచుతుందో తెలియదు. ఒక్కటే తెలుసు. పోయిన శనివారం కాళ్ళ కింద అంగీని పట్టుకున్నది ఏదో, దాన్ని వదిలించుకోవాలి.

వదిన వచ్చింది. తలుపు తీసుకుని, సగంలో ఆగింది. తెరిచి ఉన్న సొరుగు చూసింది. ఒళ్ళో అంగీ చూసింది.

“చేపలన్నిటినీ వదిలేశావా?” అంది.

ఆమె తల ఎత్తలేదు.

వదిన లోపలికొచ్చి సొరుగు మూసింది. “మా తమ్ముడికి నేను చెప్పను. నేనేం చూళ్ళేదు.” ఆగింది. “కానీ మరదలా... వెళ్ళకపోతే ఏం? ఇక్కడ కుట్టడానికి గుడ్డలు లేవా?”

జవాబు చెప్పడానికి అంగీ పైకెత్తి దులిపింది. అంచు వెలుగులో తిరగబడింది.

గుండ్రటి బూడిదరంగు మచ్చలు. సూది రంధ్రాలు రెండు వరసలు. ఒక వరసలో దారం ఉంది. ఒక వరస ఖాళీ.

ఇలాంటి అంచు ఆమె ఇంతకు ముందు చూసింది.

ఇలాగే విప్పింది ముందు వెళ్ళినావిడ. ఇలాంటి ఒక మధ్యాహ్నమే, ఈ ఊళ్ళోనే, ఒళ్ళో పరుచుకుని. ఆ పాత అంగీ ఇక్కడే మిగిలింది. అక్కడ ఏట్లోకి దిగిన అంగీ వేరే. దాని అంచులో బరువు ఉందో లేదో... చెప్పడానికి ఎవరూ పైకి రాలేదు.

“ఏమైందే?” అంది వదిన.

“ఏమీ లేదు,” అంది ఆమె. “కుట్టు కాస్త వంకర పోయింది.”

*

చెక్కలు లేపారు.

మందిరం నిండా జనం. ముందు వరసలో వదిన, చేతుల్లో పొడి తువ్వాలు. చివర, తలుపు దగ్గర, రేడియో ఆవిడ. సెలవు పెట్టి వచ్చింది. గోడ మీద ఫోటోలో ఆయన నిలబడి, ఆవిడ కూర్చుని.

పాట మొదలైంది.

ఆయన ముందే దిగి నిలబడ్డాడు. ఆమెకి చెయ్యి అందించాడు. మెట్టు మెట్టుకీ ఠంగుమని వినిపించాల్సిన చప్పుడు వినిపించలేదు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

నీళ్ళు చీలమండలు దాటాయి. మోకాళ్ళు దాటాయి. అంగీ లేచింది. తెల్లగా, నెమ్మదిగా, పువ్వు విచ్చుకున్నట్టు, ఆమె చుట్టూ తేలింది. రెండు చేతులతో అదిమి పట్టుకుంది. ఒక వైపు అదిమితే ఇంకో వైపు లేస్తోంది. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

ఆయన ఆమె కళ్ళలోకి చూశాడు.

“గుండ్లేవీ?” పెదవులు కదలకుండా అడిగాడు.

“తీసేశాను.”

పాట అయిపోవస్తోంది. ఆయన ముఖంలో ఏదో కదిలింది. కోపం కాదు. లిఫ్టు గొయ్యిలో వెల్లకిలా పడుకున్న మనిషి ముఖం అలా ఉండి ఉంటుంది — పైనుంచి దిగుతున్నదాన్ని చూస్తూ.

“నాకు మాట సరిగ్గా చెప్పండి,” అంది ఆమె, గుసగుసగా. “ఒక్కసారి. చివర మూయండి. ఆ మాట సరిగ్గా అంటే... అక్కడికి వస్తాను. తలుపు దగ్గర ఆవిడ వింటుంది. నేనూ వింటాను.”

“అది నాకు రాదే...”

“రావాలి.”

పాట ఆగింది. పెద్దయ్యగారు తల ఊపారు.

ఆయన చెయ్యి ఆమె మెడ కిందికి వచ్చింది. ఇంకో చెయ్యి ఆమె ముడుచుకున్న చేతుల మీద ఆనింది. ఆమె మోకాళ్ళు వంచింది. చివరగా చూసింది తలుపు దగ్గర రేడియో ఆవిడని — సంచిలోంచి బస్సు టికెట్టు ఒకటి తీసి, తన పెదవుల ముందు పట్టుకుని ఉంది.

వాల్చాడు.

నీళ్ళు మూసుకున్నాయి.

అంగీ చుట్టూ లేచింది. బరువు లేదు. కాళ్ళని పట్టుకున్నది ఏదీ లేదు. పట్టుకోవడానికి కూడా ఏదీ లేదు. తొట్టిలో ప్రవాహం ఉండదు, ఆమెకి తెలుసు. అయినా ఎటో జరుగుతున్నట్టు ఉంది... మెల్లగా... గోడల అవతలికి...

తన పెదవులు గట్టిగా మూసుకుంది. తలుపు వేసినట్టు.

పైన వెలుగు ముక్కలు ముక్కలై ఊగుతోంది. ఆ ముక్కల మధ్య ఆయన ముఖం — ఒకసారి ఆయనలా, ఒకసారి గోడ మీది ఫోటోలో మనిషిలా. మాట మొదలుపెట్టాడు. మొదలు వినిపించింది. నడుమ వినిపించింది. ఇంకా చెయ్యి కదలలేదు.

నీళ్ళ కింద ఆయన గొంతు వేరే.

చివర కోసం చూసింది. ఆయన నోరు కదులుతోంది, వెలుగుతో పాటు ఊగుతూ —

మూసుకుంటోందో...

తెరుచుకుంటోందో...